12 వేల్లో ముగ్గురికి క్యాంపింగ్ సామాన్లు: ఏవి కొనాలి, ఏవి వద్దు?

పెన్నాగట్టు:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు. నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ సంక్రాంతి తర్వాత నుంచి అప్పుడప్పుడూ బయట టెంటు వేసుకుని పడుకునేలా తిరగాలని ప్లాన్. మొదట కొత్తపట్నం బీచ్ వైపు, ఆ తర్వాత ఉదయగిరి కొండల కింద ఒక ఫ్రెండ్ వాళ్ళ మామిడి తోటలో. రెండు బైకుల మీద వెళ్తాం. ముగ్గురికీ కలిపి 12,000 దాకా పెట్టగలం, అంతకు మించి ఇంట్లో అడిగే ధైర్యం లేదు. వీడియోలు చూసి రాసుకున్న లిస్టు ఇదీ: టెంటు, మూడు స్లీపింగ్ బ్యాగులు, మడత కుర్చీలు, గ్యాస్ స్టవ్, హెడ్ లైట్లు, పెద్ద కత్తి, గొడ్డలి, ఎయిర్ గన్. ఎయిర్ గన్ ఎందుకంటే తోట చుట్టుపక్కల కౌజులూ చెవులపిల్లులూ బాగా ఉంటాయంట, ఆన్‌లైన్‌లో లైసెన్స్ లేకుండానే అమ్ముతున్నారు కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నా. మొత్తం కూడితే ముప్పై వేలు దాటింది. యాడ కోత పెట్టాలో మీరే చెప్పండి.

వెలిగొండ:
తమ్ముడూ, కోత ఎయిర్ గన్‌తోనే మొదలుపెట్టు. చిన్న ఎయిర్ గన్ కొనడానికి లైసెన్స్ అక్కర్లేదన్నది నిజమే, కానీ దాంతో పిట్టని కొట్టడానికి ఎవరూ పర్మిషన్ ఇవ్వలేదు. ఆ రెండూ వేరు వేరు చట్టాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం, గురి చూసి తప్పిపోవడం కూడా వేటే. మన సొంత తోటలో అయినా సరే అదే కేసు. 2022లో చట్టం మార్చినప్పుడు జరిమానా లక్ష రూపాయల దాకా పెంచారు, జైలు మూడేళ్ళ వరకు ఉంటుంది, ఇంకా ఎక్కువ రక్షణ ఉన్న జంతువైతే మూడు నుంచి ఏడేళ్ళు. కౌజు కూర తినాలనిపిస్తే ఫారం కౌజులు బజార్లో దొరుకుతాయి, ఇంట్లోనే మసాలా పట్టించి డబ్బాలో పెట్టుకుని పో.

ఇంకో మాట. గొడ్డలీ పెద్ద కత్తీ కూడా తీసెయ్. మీరు పోయేది ఉదయగిరి వైపు. ఆ పట్టీ అంతా, అట్నుంచి రాపూరు వెంకటగిరి దాకా, ఎర్రచందనం ఉన్న అడవి. రాత్రి పూట ముగ్గురు కుర్రాళ్ళు, తలకి లైట్లు, బైకు మీద గొడ్డలి, ఇట్టా కనిపిస్తే ఫారెస్టోళ్ళు ఏమనుకుంటారో నేను చెప్పక్కర్లేదు. టమోటాలు కోసే కత్తి చాలు మనకి.

కందుకూరు కుర్రోడు:
అన్నా, మా వైపు తాతల నాటి నుంచి చెవులపిల్లికి ఉచ్చులు పెడతానే ఉన్నారు, ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మరీ భయపెట్టేస్తున్నారు పిల్లోడిని.

వెలిగొండ:
అడిగిన రోజు బెయిల్ కోసం తిరిగేది వాళ్ళే, మనం కాదు కదా. సరే చట్టం పక్కన పెట్టు. కొండ కింద చేలల్లో అడవిపందులకని కరెంటు తీగలు లాగుతారు, అవి తగిలి మనుషులు పోయిన వార్తలు మన జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాం. వేట మోజుతో తెలియని చేలో చీకట్లో అడుగు పెట్టడమంటే ఆ తీగల మీదికి పోవడమే. తోటలో టెంటు వేసుకోండి, పొద్దు గూకాక తోట దాటొద్దు, పక్క చేను వాళ్ళెవరైనా తీగ లాగుతారేమో తోట కాపలా మనిషిని ముందే అడగండి.

పెన్నాగట్టు:
సరే అన్నా, గన్ను తీసేశా. గొడ్డలి కూడా. ఇంకా ఇరవై రెండు వేలు ఉంది లిస్టు 😅

రొయ్యలచెరువు బాబాయ్:
అబ్బాయ్, క్యాంపింగ్ అని పేరు పెట్టి అమ్మే ప్రతి వస్తువుకీ అక్కడ రేటు డబల్ ఉంటుంది. అదే సరుకు రైతుకో చెరువు వాళ్ళకో అమ్మే కొట్టులో సగానికి వస్తుంది. గ్రౌండ్ షీట్ అని ఆన్‌లైన్‌లో వెయ్యి పెట్టి కొనేది మనం వడ్లు ఆరబోసుకునే పట్టానే. స్టోన్‌హౌస్‌పేటలో గానీ మీ దగ్గర్లో ఎరువుల కొట్ల వరసలో గానీ అడుగు, కొలత చెప్తే ఇస్తారు. జీఎస్ఎం అడిగి తీసుకో. అంటే ఒక చదరపు మీటరు పట్టా ఎన్ని గ్రాములు తూగుతుందనే లెక్క. టెంటు కింద పరవడానికి 120 ఉంటే చాలు, 200, 250 అనేవి గట్టివే గానీ బైకు మీద మోయలేవు. కళ్ళు, అదే ఆ ఇత్తడి రింగులు, మూలల్లో ఊడిపోకుండా ఉన్నాయో లేదో లాగి చూడు. పట్టా టెంటు అడుగు కంటే నాలుగు వేళ్ళు లోపలికే ఉండాలి, బయటికి వస్తే వాన నీళ్ళు దాని మీద పడి జారి సరిగ్గా మీ వీపు కిందికే చేరతాయి.

తాడు వలలమ్మే కొట్లో కిలోల లెక్కన ఇస్తారు, నాలుగు మిల్లీమీటర్ల నైలాన్ తాడు పావు కిలో తెచ్చుకుంటే మీ ముగ్గురికీ ఏళ్ళ తరబడి వస్తుంది. నీళ్ళకి పది లీటర్ల క్యాను. హెడ్ లైటు కూడా మా చెరువుల దగ్గర రాత్రిపూట చెక్‌ట్రేలు, అంటే రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిసే పళ్ళేలు, చూసేవాళ్ళు వాడేదే తీసుకో, తడిసినా పనిచేస్తుంది. మడత కుర్చీలు దేనికి, నేల మీద కూర్చోలేరా ఈ వయసులో?

మిద్దెమీద టెంటు:
బాబాయ్ చెప్పినవన్నీ కరెక్టే, కానీ టెంటు విషయంలో మాత్రం కక్కుర్తి పడొద్దు. ఉన్న డబ్బులో దాదాపు సగం దానికే పెట్టండి. కాస్త వివరంగా చెప్తా.

ఆన్‌లైన్‌లో పదిహేను వందలకి, రెండు వేలకి నలుగురి టెంటు అని వస్తాయి చూడండి, విసిరితే గొడుగులా తెరుచుకునేవి. వాటికి పైన రెండో గుడ్డ ఉండదు, ఒకటే పొర. మన కోస్తాలో రాత్రి గాల్లో ఉండే తేమకి, లోపల ముగ్గురి ఊపిరికి, తెల్లారేసరికి గుడ్డ లోపలి వైపు నీళ్ళు పట్టి మొహం మీద కారతాయి. టెంటు చిల్లు పడిందని అంటారు గానీ అది చిల్లు కాదు, గాలి బయటికి పోయే దారి లేక పట్టిన చెమ్మ. రెండు పొరలుండాలి: లోపలిది ఎక్కువ భాగం దోమతెర, పైనది వాన గుడ్డ, రెంటికీ మధ్య చెయ్యి దూరేంత ఖాళీ. నెల్లూరు వేడికి లోపలి పొరలో దోమతెర ఎంత ఎక్కువుంటే అంత మంచిది, వాన లేని రోజు పై గుడ్డ తీసేసి నక్షత్రాలు చూస్తూ పడుకోవచ్చు.

వాటర్ కాలమ్ 1500, 2000, 3000 మి.మీ. అని రాస్తారు. 2000 అంటే ఆ గుడ్డ మీద రెండు మీటర్ల ఎత్తు నీళ్ళు నిలబెట్టినా కారదని. మనకి 2000 చాలు. ఐతే నీళ్ళు గుడ్డలోంచి కాదు, కుట్లలోంచి వస్తాయి. షాపులో వాన గుడ్డని తిరగేసి చూడండి, ప్రతి కుట్టు మీదా సన్నటి పారదర్శకమైన టేపు అతికించి ఉండాలి. మూల దగ్గర ఆ టేపుని గోటితో మెల్లగా గీకండి, అంచు లేస్తే ఆ పీసు పక్కన పెట్టేయండి. జిప్పుని మలుపు దగ్గర నాలుగైదు సార్లు అటూ ఇటూ లాగండి, ఇరుక్కునేది ఉంటే అక్కడే ఇరుక్కుంటుంది. కర్రలు ఫైబర్‌గ్లాస్‌వి ఉంటాయి ఈ రేటులో, అల్యూమినియం మన బడ్జెట్‌కి రాదు. ఫైబర్ కర్ర చీలితే సన్నటి ముళ్ళు వేలికి దిగుతాయి, అందుకని జానెడు ఇనుప గొట్టం ముక్కా, టేపూ సంచిలో పడేసుకోండి, చీలిన చోట తొడిగి చుట్టేస్తే రాత్రి గడిచిపోతుంది.

ముగ్గురి టెంటు అంటే ముగ్గురు అప్పడాల్లా వరసగా పడుకోవడానికి మాత్రమే, మనిషికి రెండడుగుల వెడల్పు వేసుంటారు. బ్యాగులు లోపల పెట్టుకోవాలంటే నలుగురిది చూడండి. డెకాథ్లాన్ వాళ్ళ క్వెచువా లాంటి వాటిలో మామూలు రకం గానీ, అదే తీరులో వేరే కంపెనీది గానీ నాలుగు నుంచి ఆరు వేల మధ్య దొరకొచ్చు. మడిచిన పొడవెంతో కూడా అడగండి, బైకు వెనక అడ్డంగా కట్టినప్పుడు హ్యాండిల్ కంటే వెడల్పుంటే మన ట్రంకు రోడ్డు మీద ఎవడో ఒకడికి తగిలిస్తారు.

కొనగానే మిద్దె మీద వేసి, బకెట్లతో నీళ్ళు కుమ్మరించి ఒక గంట ఆగి లోపల తడిమి చూడండి. వాపసు గడువు ఉండగానే ఈ పని కానివ్వాలి.

పెన్నాగట్టు:
అన్నా, చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి స్లీపింగ్ బ్యాగులు? మూడు కలిపి ఐదు వేలు అవుతున్నాయి. మైనస్ 5 డిగ్రీలకి పనికొస్తాయని రాసుంది, ఆఫర్ కూడా ఉంది.

కందుకూరు కుర్రోడు:
మైనస్ 5 ఆ? కొత్తపట్నంలోనా? 😂 ఉడికిపోతార్రా సామీ.

ఒంగోలు అక్క:
నవ్వకండి పాపం, ఆఫర్ అనగానే అందరం పడిపోతాం. తమ్ముడూ, జనవరిలో కూడా మన సముద్రం ఒడ్డున చలి అంటే తెల్లవారుజామున ఒక దుప్పటి కప్పుకునేంతే. కొండ కింద తోటలో కాస్త ఎక్కువ ఉంటుంది, అక్కడికి ఉన్ని శాలువానో బొంతో తీసుకెళ్ళండి. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు అంకెలు ఉంటాయి, కంఫర్ట్ అని ఒకటి, అంటే హాయిగా నిద్రపట్టే చలి, లిమిట్ అని ఒకటి, అంటే ఎలాగోలా తట్టుకునే చివరి హద్దు. పెద్ద అక్షరాలతో ప్రింట్ చేసేది చాలాసార్లు ఆ రెండోదే. ఎప్పుడైనా అరకో లంబసింగో పోతే అప్పుడు చూసుకోండి.

ఆ డబ్బులో కొంచెం కింద పరుచుకునే దానికి పెట్టండి. చలి పై నుంచి కంటే నేల నుంచే ఎక్కువ ఎక్కుతుంది. ప్యాకింగ్ సామాను అమ్మే చోట ఫోమ్ షీటు చుట్టలు దొరుకుతాయి, పది మిల్లీమీటర్ల మందం కోయించుకుని మీద ప్లాస్టిక్ చాప వేస్తే సరిపోతుంది.

ఇంకా ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. తోటలో టెంటు జిప్పు రాత్రంతా పూర్తిగా మూసి ఉండాలి, కిందనున్న ఆ రెండు అంగుళాలు కూడా. కట్లపాము రాత్రిళ్ళే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువ కరుస్తుంది, కరిచినా పెద్దగా నొప్పి ఉండదు కాబట్టి చీమ కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తర్వాత కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. అనుమానం వస్తే కోయడాలూ, పీల్చడాలూ, తాడు బిగించడాలూ వద్దు, కరిచిన చెయ్యో కాలో కదపకుండా 108కి ఫోన్ చేసి, విషానికి ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి పోవడమే. ఆ ఆసుపత్రి ఎక్కడుందో బయల్దేరే ముందే కనుక్కోండి. రక్తపింజరి ఎండుటాకుల్లో కనపడదు, కాబట్టి చీకట్లో లైటు లేకుండా అడుగు తీసి అడుగు వేయొద్దు. చీలమండ పైదాకా ఉండే బూట్లు వేసుకోండి. పొలం పనికి వేసుకునే గమ్‌బూట్లు నాలుగైదు వందలకి వస్తాయి, చూడ్డానికి బాగోవు, ఫొటోలో పాదాలు కత్తిరించుకోండి. పొద్దున వేసుకునే ముందు తిరగేసి దులపండి, తేళ్ళకి అందులో బాగుంటుంది.

ఆడవాళ్ళు ఎవరైనా ఈ థ్రెడ్ చదువుతుంటే: ఒక పాత చీరా, నాలుగు వెదురు కర్రలూ తీసుకెళ్తే మరుగు తయారు. దానికోసం టాయిలెట్ టెంటు అని రెండు వేలు పెట్టక్కర్లేదు. ఒక చిన్న తవ్వుగోల కూడా పెట్టుకోండి.

సరుగుడుతోట:
అసలు టెంటే ఎందుకంటాను. బీచ్ పక్కన ఎక్కడ చూసినా సరుగుడు తోటలే కదా, ఎనిమిది వందలకి నైలాన్ ఊయల దొరుకుతుంది, పైన పట్టా కట్టుకుంటే గాలికి గాలి, పాముల బెడదా లేదు. ముగ్గురికి కలిపి టెంటులో సగం రేటు.

మిద్దెమీద టెంటు:
మరి దోమలు? సముద్రం పక్కన రొయ్యల చెరువులున్న చోట సాయంత్రం ఆరున్నరకి ఊయలలో పడుకుని చూడండి.

సరుగుడుతోట:
దోమతెరతో కుట్టినవి కూడా వస్తాయి బాసూ, పన్నెండు పదమూడు వందలు.

రొయ్యలచెరువు బాబాయ్:
ఊయల బాగానే ఉంటుంది గానీ ఆ తోటలన్నీ ఎవరివో ఒకరివి. కాగితం గుజ్జుకి అమ్ముకోవడానికి పెంచుతారు, లేత చెట్లు చేతి మందం కూడా ఉండవు, మనిషి బరువు వేస్తే వంగిపోతాయి. తొడంత లావున్న చెట్టుకే కట్టు, అదీ యజమానిని అడిగి. సన్న తాడుతో కడితే బెరడు కోసుకుపోతుంది, వెడల్పు పట్టీ వాడాలి.

బైనాక్యులర్:
హెడ్ లైట్ల సంగతి. 50,000 ల్యూమెన్లు (వెలుతురు కొలత), లక్ష ల్యూమెన్లు అని రాసి మూడు వందలకి అమ్మేవి నమ్మకండి. టెంటు దగ్గర వంటకీ నడకకీ 200 నుంచి 300 అసలైన ల్యూమెన్లు ఉంటే ఎక్కువే. బ్యాటరీ మీద చూడండి, 18650 అనే వేలు సైజు సెల్లు ఉంటుంది వీటిలో. ఆ సైజులో మంచి కంపెనీది కూడా 3500 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే కరెంటు కొలత) దగ్గర్లో ఆగిపోతుంది. 9900 అని ప్రింట్ చేసుంటే అది అబద్ధం, ఇంకేం చూడక్కర్లేదు, కింద పెట్టేయండి. తూకం కూడా ఒక ఆనవాలు, అసలైన సెల్లు 45 గ్రాముల పైమాటే, దొంగది చేతికి తేలిగ్గా తగులుతుంది. ఐపీఎక్స్4 అని ఉంటే చిన్న వానకి పర్లేదు. ఎరుపు లైటు ఉన్నది దొరికితే అది తీసుకోండి, కళ్ళు చీకటికి అలవాటు తప్పవు, పురుగులూ తక్కువ వస్తాయి.

బీచ్‌లో ఐతే ఇంకో కారణం కూడా ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్ల లైటు కొడితే తల్లి వెనక్కి తిరిగి సముద్రంలోకి పోతుంది, పిల్లలేమో నీళ్ళ వైపు కాకుండా లైటు వైపు పాకుతాయి. నీటి అంచుకి దూరంగా టెంటు వేసి లైట్లు ఆపేయండి. కనిపిస్తే చూస్తూ కూర్చోండి, ఫ్లాష్ కొట్టకండి.

గన్ను డబ్బులు మిగిలాయి కాబట్టి, ఇప్పుడు కాకపోయినా ముందు ముందు ఒక బైనాక్యులర్ తీసుకోండి. 8x42 అంటే ఎనిమిది రెట్లు దగ్గరికి, ముందు అద్దం 42 మి.మీ. జూమ్ అయ్యేవి, 100x అని రాసినవి వద్దు, అంత పెంచితే చేతి వణుక్కి ఏదీ కుదురుగా కనిపించదు. చలికాలంలో నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటాయి, పులికాట్‌లో ఫ్లెమింగోలు. మన పక్కనే ఉన్నాయి.

వెలిగొండ:
స్టవ్ గురించి కూడా చెప్పేస్తా. ఎండాకాలం అడవి పక్కన మంట వేయడమంటే ఊరి మీదికి తెచ్చుకోవడమే, రిజర్వు ఫారెస్టులో ఐతే అది నేరం. తోటలో కూడా ఎండుటాకులు ఊడ్చి, తడిపిన నేల మీదే వంట. పొడవాటి బ్యూటేన్ డబ్బాలు, 220 గ్రాముల చుట్టుపక్కల ఉంటాయి, వాటికి తగిలించే చిన్న స్టవ్ ఐదారు వందలకి వస్తుంది. ముగ్గురికి ఒక రాత్రి అన్నం, పొద్దున టీ, ఒక డబ్బా చాలు. పెట్టెలాంటి స్టవ్ తీసుకుంటే దాని మీద వెడల్పాటి బిర్యానీ గిన్నె పెట్టొద్దు, గిన్నె వేడి పక్కనున్న డబ్బా మీదికి కొట్టి అది పేలుతుంది. టెంటు లోపల వంట ఎంత వానొచ్చినా వద్దు, మంట సంగతి అటుంచి ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. తిన్నాక మిగిలిన కూరలు, చేప ముళ్ళు టెంటు దగ్గర ఉంచొద్దు. ఆ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి.

పెంచలకోన వైపు పోదామనిపిస్తే పగలు చూసి రండి, అక్కడ అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం, పర్మిషన్ లేకుండా రాత్రి ఉండకూడదు. దోర్నాల దాటి నల్లమలలోకి కూడా అంతే, అది పులుల అడవి.

ఒంగోలు అక్క:
కొత్తపట్నం వైపు గురించి రెండు ముక్కలు. ఇసుకలో టెంటు మేకులు నిలవవు, గాలి మొదలైతే పెరుక్కొచ్చేస్తాయి. ఖాళీ యూరియా సంచులు నాలుగైదు తీసుకెళ్ళండి, ఇసుక నింపి, మూతి కట్టి, మూరెడు లోతు గొయ్యిలో అడ్డంగా పాతి దానికి తాడు కట్టండి. గుడ్డ చిరుగుతుందేమో గానీ సంచి మాత్రం లేవదు. తలుపు సముద్రం వైపు పెట్టుకుంటే ఫొటో బాగుంటుంది గానీ రాత్రంతా గాలీ ఇసుకా లోపలికే.

పక్కన పాలెంలో పెద్దవాళ్ళకి ఎవరికైనా చెప్పి వేసుకోండి. ఎవరబ్బాయిలో తెలిస్తే వాళ్ళే కనిపెట్టుకుని ఉంటారు, మెరైన్ పోలీసులు గస్తీకి వచ్చి అడిగినా ఒక మాట సాయం ఉంటుంది. ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బీచ్ ఆలోచన వద్దే వద్దు, మనకి వానలూ తుపాన్లూ అప్పుడే.

పెన్నాగట్టు:
అందరికీ దండాలు. లిస్టు మళ్ళీ రాశా: నలుగురి టెంటు, రెండు పొరలది, 5,500 లోపు. పట్టా ఆరు వందలు. ఫోమ్ షీట్లు మూడు తొమ్మిది వందలు. హెడ్ లైట్లు మూడు, పదిహేను వందలు. గమ్‌బూట్లు మూడు జతలు పదమూడు వందలు. క్యాను, తాడు, మందుల డబ్బా అన్నీ కలిపి వెయ్యి. దుప్పట్లు, గిన్నెలు, యూరియా సంచులు ఇంట్లోవి. పదివేల ఎనిమిది వందలు అయింది. స్టవ్, గ్యాసు ఒక్కటే మిగిలింది, పెట్రోలు కూడా ఇందులోంచే కాబట్టి స్టవ్‌కి చాలీచాలకుండా ఉంది. మూడు ఇటుకలు పెట్టి వండుకుంటే బీచ్‌లో పర్లేదా?

సరుగుడుతోట:
సరుగుడు తోట పక్కన మాత్రం వద్దు, ఆ ఎండు ఆకు పెట్రోలుతో సమానం.

మిద్దెమీద టెంటు:
నాది చిన్న స్టవ్ ఒకటి ఖాళీగా ఉంది తమ్ముడూ, నేనూ నెల్లూరే. మెసేజ్ పెట్టు, మీరు బయల్దేరే ముందు రోజు సాయంత్రం వచ్చి పట్టుకుపో. గ్యాసు డబ్బా మాత్రం నువ్వే కొనుక్కో, రెండు తీసుకో. టెంటు మిద్దె మీద తడిపి చూశాకే బయల్దేరండి, చూసి ఇక్కడ రాయి.